కూల్ కేకా, బటర్ క్రీమా, గనాషా? ఇంట్లో కేక్ నున్నగా రావాలంటే ఏది ఎంచుకోవాలి

మే నెల, విజయవాడ, మా పెద్దమ్మాయి పుట్టినరోజు. మధ్యాహ్నం రెండింటికి కేక్ చుట్టూ క్రీమ్ రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. గోడకు సున్నం వేసినంత నున్నగా వచ్చింది. ఫోటో తీసి మా అక్కకు పంపాను కూడా. నాలుగింటికి కరెంటు పోయింది, ఆరింటికి వచ్చింది. ఏడింటికి కొవ్వొత్తి వెలిగించబోయేసరికి ఒక పక్క క్రీమ్ పొర మొత్తం కిందికి జారి, ప్లేటు అంచున మడతలు పడి కూర్చుంది. "అమ్మా, కేక్‌కి పంచె ఊడిపోయింది" అంది మా చిన్నది.

అప్పటిదాకా కేక్ బాగా రాకపోతే నా చేతినే తిట్టుకునేదాన్ని. వీడియోలు చూసి మణికట్టు తిప్పడం ప్రాక్టీస్ చేసేదాన్ని. ఆ రోజు మాత్రం రాయడంలో తప్పేమీ లేదు. ఇన్వర్టర్ మీద ఫ్రిజ్ నడవని ఇంట్లో, మే నెలలో, పాల క్రీమ్ తీసుకోవడమే తప్పు. కేక్ నున్నగా ఉండటం, ఉన్నది ఉన్నట్టు నిలబడటం సగానికి పైగా మనం తెచ్చుకున్న క్రీమ్ మీదే ఆధారపడుతుంది. అందుకే క్రీమ్‌తో పువ్వులు పెట్టే నాజిల్ ఏది కొనాలి అనేదాని కంటే ముందు ఏ క్రీమ్ అనేది తేల్చుకోండి. ఉన్నవి నాలుగు: నూనెలతో చేసే నాన్ డైరీ విప్ క్రీమ్, పాల క్రీమ్, వెన్నతో చేసే బటర్ క్రీమ్, చాక్లెట్‌లో వేడి క్రీమ్ కలిపి చేసే గనాష్.

## క్రీమ్ కొనేముందు చూసుకోవాల్సినవి

ఫ్రిజ్‌లోంచి తీశాక కోసేదాకా ఎంతసేపు? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఏడింటికి కటింగ్ అని చెబితే మన ఇళ్లలో ఎనిమిదిన్నర. మేనత్త రావాలి, పాప గౌను మార్చాలి, ఎవరో ఒకరు అగ్గిపెట్టె వెతకాలి. కేక్ టేబుల్ మీద ఉండేది పది నిమిషాలా, గంటా అనేది నిజాయితీగా ఒప్పుకుంటే సగం ఎంపిక అక్కడే అయిపోతుంది.

గుడ్డు. స్పాంజ్ ఎగ్‌లెస్ చేసి పైన గుడ్డు తెల్లసొనతో చేసిన క్రీమ్ రాస్తే ఉపయోగం లేదు. శనివారం పుట్టినరోజు వచ్చిందా, అత్తగారు తింటారా అనేది ముందే అడగండి.

ఫ్రిజ్‌లో చోటు. ఎనిమిది అంగుళాల కేక్‌కి పది అంగుళాల బోర్డు కావాలి. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఒక అర తీసేస్తే గానీ పట్టదు. పాలగిన్నె, పెరుగు, దోసెల పిండి ఎక్కడికి వెళ్తాయో ఆలోచించుకోండి. ఘాటు వాసన వచ్చేవేవీ పక్కన పెట్టకండి, క్రీమ్ వాసన పీల్చుకుంటుంది.

బీటర్ ఉందా? కరెంటు బీటర్ లేకపోతే గనాష్ ఒక్కటే మీకు మిగిలేది. చేత్తో విప్ క్రీమ్ కొట్టినవాళ్లు ఉన్నారు, రెండోసారి కొట్టినవాళ్లను మాత్రం నేను చూడలేదు.

రుచి చివర్న పెట్టుకోమంటాను. నాలుగూ బాగుంటాయి. కాకపోతే పిల్లలకు నచ్చేది ఒకటి, పెద్దవాళ్లకు నచ్చేది ఇంకొకటి.

## నాన్ డైరీ విప్ క్రీమ్: కూల్ కేక్‌లో ఉండేది ఇదే

మన ఊళ్లలో కూల్ కేక్ అని అడిగితే బేకరీవాళ్లు ఇచ్చేది చాలావరకు ఈ క్రీమే. పామ్ కెర్నెల్ లాంటి నూనెలు, పంచదార, నీళ్లు కలిపి తయారుచేస్తారు. ఇలాంటి క్రీమ్‌ను 1945లో అమెరికాలోని బఫెలో నగరంలో రాబర్ట్ రిచ్ సోయాబీన్‌తో తయారుచేశాడు. ఇప్పుడు బేకింగ్ సామాన్ల కొట్లలో రిచ్స్ అని పేరు పెట్టి అడుగుతాం, ట్రోపోలైట్ అనే బ్రాండు కూడా బాగా నడుస్తుంది. ప్యాకెట్ డీప్ ఫ్రీజర్‌లోంచి గడ్డలా వస్తుంది.

కొత్తవాళ్లకు నా మొదటి సలహా ఇదే. తెల్లగా ఉంటుంది, రంగులు బాగా పడతాయి, తీపి ముందే ఉంటుంది, కొడితే మూడు నాలుగింతలు పొంగుతుంది. అర కిలో కేక్‌కి 150 నుంచి 200 మిల్లీలీటర్లు, కిలో కేక్‌కి 300 నుంచి 350 సరిపోతుంది. పైగా ఖర్చు తక్కువ.

ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి దించండి. బయట పెట్టి తొందరగా కరిగిస్తే పైన వెచ్చబడి లోపల గడ్డ ఉంటుంది, కొడితే పలుకులు పలుకులుగా వస్తుంది. గిన్నెను, బీటర్ పుల్లలను కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మొదట నెమ్మదిగా, తర్వాత మధ్యస్థం స్పీడులో కొట్టండి. హై స్పీడ్ పెడితే త్వరగా అవుతుంది కానీ గాలి బుడగలు పడి, రాశాక పైన సూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు కనిపిస్తాయి.

ఎక్కడ ఆపాలన్నదే అసలు సంగతి. బీటర్ పైకెత్తితే కొన నిలబడి చివర కాస్త వంగాలి. అక్కడ ఆపేసి కేక్ చుట్టూ రాయడానికి కావలసింది తీసుకోండి. కత్తితో ముందుకీ వెనక్కీ రాస్తున్న కొద్దీ ఈ క్రీమ్ ఇంకా గట్టిపడుతుంది. గిన్నెలోనే బాగా గట్టిగా కొట్టేస్తే కేక్ మీదకు వెళ్లేసరికి ఉప్మా రవ్వలా గరుకు తేలుతుంది. పువ్వులకు, అంచు డిజైన్లకు మిగిలినదాన్ని ఇంకో అర నిమిషం కొట్టుకోండి. పొరపాటున గరుకుగా అయిపోతే కొట్టని ద్రవం క్రీమ్ ఒకటి రెండు చెంచాలు పోసి గరిటెతో నెమ్మదిగా కలిపితే మళ్లీ నునుపు వస్తుంది. అందుకే ప్యాకెట్‌లో కొంచెం ఎప్పుడూ మిగుల్చుకుంటాను.

రుచి గురించి ఉన్నది చెప్పాలి. నాలిక మీద తేలిగ్గా ఉంటుంది కానీ పాల కమ్మదనం ఉండదు. మరీ ఎక్కువ రాస్తే అంగిట్లో జిడ్డు పట్టినట్టు అనిపిస్తుంది. గుండెకు మంచిది కాదనే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు గురించి భయపడేవాళ్లుంటారు. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది, ప్యాకెట్ వెనక అంకె చూసి కొనుక్కోండి. ఇంకో మాట, నాన్ డైరీ అని పేరున్నా కొన్నింటిలో పాల ప్రోటీన్ అయిన సోడియం కేసినేట్ ఉంటుంది. పాలు పడనివాళ్లు పేరు చూసి కాకుండా పదార్థాల జాబితా చదివి కొనాలి.

## పాల క్రీమ్: రుచికి మొదటిది, నిలకడకు చివరిది

దీనితో చేసిన కేక్ తింటే మిగతావేవీ నచ్చవు. అదే దీనితో వచ్చిన చిక్కు.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. కిరాణా కొట్లో కూరల్లో వేసుకోవడానికి దొరికే ఫ్రెష్ క్రీమ్ చిన్న డబ్బాలో కొవ్వు 25 శాతం దగ్గర ఉంటుంది. దాన్ని ఎంతసేపు కొట్టినా నిలబడదు. కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి, 35 ఉంటే నిశ్చింత. డబ్బా మీద విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉందో లేదో చూడండి. ఇంట్లో పాల మీద తీసిన మీగడతో ప్రయత్నించకండి. కవ్వం పెడితే ఏమవుతుందో బీటర్ పెట్టినా అదే అవుతుంది, వెన్న తేలుతుంది.

విప్పింగ్ క్రీమ్ అయినా ఒక్క అర నిమిషం ఎక్కువ కొడితే అదే దారి పడుతుంది. నాన్ డైరీలో పొరపాటు చేసినా కోలుకునే టైమ్ ఉంటుంది, ఇందులో లేదు. ఐసు ముక్కలు వేసిన పెద్ద గిన్నెలో ఈ గిన్నె పెట్టుకుని కొట్టండి. ఐసింగ్ షుగర్‌తో (పిండిలా మెత్తటి పంచదార) పాటు వంద మిల్లీలీటర్లకు ఒక చిన్న చెంచా పాలపొడి వేస్తే కాస్త నిలుస్తుంది. జెలటిన్ వేయమని కొందరు చెబుతారు. అది జంతువుల నుంచి వచ్చేది, శాకాహారులు తినే కేక్‌లో వేయకండి.

డిసెంబరులో, ఇంట్లోవాళ్లే నలుగురు కూర్చుని తినే కేక్‌కి, మామిడిపండు ముక్కలో స్ట్రాబెర్రీలో పెట్టిన కేక్‌కి ఇదే తీసుకుంటాను. ఫంక్షన్ హాలుకు మాత్రం వద్దు. మామిడిపండ్లేమో మేలో, పాల క్రీమ్ నిలిచేదేమో డిసెంబరులో. ఈ రెండింటికీ మన దగ్గర ఎప్పుడూ కుదరదు. మామిడి కేక్ చేసిన రోజు కోసేదాకా ఫ్రిజ్ తలుపు తీయనివ్వను.

## బటర్ క్రీమ్

200 గ్రాముల ఉప్పు లేని వెన్న, 400 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు చెంచాల పాలు. అమెరికన్ బటర్ క్రీమ్ అంటే ఇంతే. వెన్నను తెల్లబడేదాకా ఐదారు నిమిషాలు కొట్టి, జల్లించిన పంచదార కొంచెం కొంచెంగా కలపాలి. మిక్సీలో పట్టిన పంచదార వేస్తే పంటి కింద పలుకు తగులుతుంది. కొట్లో దొరికే ఐసింగ్ షుగరే వాడండి.

చేతి పనికి దీనంత అనుకూలమైనది లేదు. ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు పెడితే రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు గుంటలున్నచోట మళ్లీ పూసి, క్రీమ్‌ను చదును చేసే పలకను, అంటే స్క్రాపర్‌ను, వేడినీళ్లలో ముంచి తుడిచి లాగితే అద్దంలా వస్తుంది. ఎన్నిసార్లయినా సరిదిద్దుకోవచ్చు. గులాబీలు చేసినా రేకు రేకూ నిలబడుతుంది.

కానీ వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, మెత్తబడటం దానికి చాలా ముందే మొదలవుతుంది. ఏసీ లేని గదిలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా దీని పేరు ఎత్తకండి. పాతకాలం బేకరీల్లో గాజు బీరువాలో గులాబీ రంగు పువ్వులతో రోజుల తరబడి నిలిచిన కేకులు గుర్తున్నాయా? వాటిలో చాలావాటికి వాడింది వెన్న కాదు, డాల్డా లాంటి వనస్పతి. అందుకే ఎండకు చెక్కుచెదరలేదు, అందుకే ఆ పువ్వు తిన్నాక నాలుక మీద మైనం పూసినట్టుండేది.

తీపి ఎక్కువని చాలామంది వంక పెడతారు. పూతరేకులు, కాజాలు తినే నోటికి తీపి ఒక లెక్కా? నాకు తీపితో పేచీ లేదు, కానీ అంత వెన్న ఒక్కసారిగా తినబుద్ధి కాదు. మా ఇంట్లో పిల్లలు కూడా స్పాంజ్ తిని పైపొర ప్లేటులో వదిలేస్తారు.

స్విస్ మెరింగ్ బటర్ క్రీమ్ అని ఇంకోటుంది. తెల్లసొన, పంచదార కలిపి వేడినీళ్ల గిన్నె మీద 71 డిగ్రీలదాకా వేడిచేసి, నురగ కొట్టి వెన్న కలుపుతారు. పట్టులా ఉంటుంది, తీపి తక్కువ. థర్మామీటర్, స్టాండ్ మిక్సర్, ఏసీ గది, గుడ్డు తినే చుట్టాలు, ఈ నాలుగూ ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

## గనాష్: నా ఓటు దీనికే

చాక్లెట్, క్రీమ్. ఇంకేమీ అక్కర్లేదు. ట్రఫుల్ కేక్ అని బేకరీలో కొనే నల్లటి కేక్ పైన ఉండేది ఇదే. కూరల్లో వేసే ఆ 25 శాతం ఫ్రెష్ క్రీమ్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. బీటర్ అక్కర్లేదు, గుడ్డు లేదు.

చుట్టూ నున్నగా రాయడానికి 400 గ్రాముల డార్క్ చాక్లెట్‌కి 200 మిల్లీలీటర్ల క్రీమ్. ఎండాకాలం అయితే చాక్లెట్ 500 గ్రాములకు పెంచుతాను. తెల్ల చాక్లెట్ అయితే ఒక వంతు క్రీమ్‌కి మూడు వంతుల చాక్లెట్ ఉండాలి, లేకపోతే గట్టిపడదు. చాక్లెట్‌ను కత్తిపీటతో పెసరగింజంత ముక్కలు చేసుకోండి. క్రీమ్‌ను చిన్న మంట మీద పెట్టి గిన్నె అంచున బుడగలు రాగానే దించేయండి, తెర్లనివ్వకండి. చాక్లెట్ మీద పోసి మూడు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. ఇక్కడే అందరూ ఆగలేక గరిటె పెడతారు. తర్వాత నడిమధ్య నుంచి చిన్న చిన్న సున్నాలు చుడుతూ కలిపితే మొదట పాలు విరిగినట్టు కనిపించి, ఉన్నట్టుండి నల్లగా నిగనిగలాడుతుంది. నూనె తేలితే గోరువెచ్చటి పాలు ఒక చెంచా పోసి కలపండి, కలిసిపోతుంది.

వేడిగా ఉన్నప్పుడు ఇది పాకంలా జారుతుంది. రాయడానికి పనికొచ్చేది చల్లారి వెన్నపూసలా అయ్యాకే. చలికాలం రాత్రి కలిపి మూతపెట్టి వదిలేస్తే పొద్దునకు సిద్ధం. మేలో బయట ఎంతసేపు పెట్టినా గట్టిపడదు. ఫ్రిజ్‌లో పెట్టి పది నిమిషాలకోసారి అడుగంటా కలపాలి, మూడు నాలుగుసార్లకు దారికొస్తుంది.

చాక్లెట్ రెండు రకాలు. కోకో బటర్ (కోకో గింజల కొవ్వు) ఉన్న అసలు చాక్లెట్ రుచిగా ఉంటుంది, కానీ కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని బదులు వనస్పతి కొవ్వు వేసి చేసేది కాంపౌండ్. చవక, ఎండకు కాస్త ఎక్కువ తట్టుకుంటుంది, రుచి ఒక మెట్టు తక్కువ. ఎండాకాలం నేను రెండూ సగం సగం కలుపుతాను. శుద్ధ చాక్లెట్ ప్రియులు ముఖం చిట్లిస్తారని తెలుసు, మే నెలలో కేక్ నిలబెట్టి చూపించమనండి.

లోపాలు: డార్క్ చాక్లెట్ మీద రంగు కనిపించదు. గులాబీ యువరాణి కేక్ అడిగే ఐదేళ్ల పిల్లకు నల్లటి కేక్ చూపిస్తే ఏడుస్తుంది. ఖర్చు మిగతావాటికంటే ఎక్కువే. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కోస్తే కత్తి దిగదు, అరగంట బయట ఉంచాలి. మన చుట్టాలు ఎలాగూ ఆలస్యంగానే వస్తారు కాబట్టి ఈ ఒక్క లోపం మనకు కలిసొస్తుంది.

## పక్కపక్కన పెడితే

నిమిషాల లెక్క మా ఇంట్లో ఫ్యాన్ కింద, మే నెల సాయంత్రాల్లో చూసింది. మీ గదిని బట్టి అటూ ఇటూ అవుతుంది.

| | నాన్ డైరీ | పాల క్రీమ్ | బటర్ క్రీమ్ | గనాష్ |
|---|---|---|---|---|
| టేబుల్ మీద నిలిచేది | 30–40 నిమిషాలు | 10 నిమిషాలు | 20 నిమిషాలు | గంట పైనే |
| నున్నగా రావడం | తేలిక | కష్టం | తేలిక, ఓపిక కావాలి | పదునైన అంచులకు ఇదే |
| పొరపాటు దిద్దుకోవడం | వీలే | దాదాపు లేదు | ఎన్నిసార్లైనా | ఎన్నిసార్లైనా |
| రంగులు | చక్కగా పడతాయి | లేత రంగులే | బాగా | తెల్ల చాక్లెట్‌కే, నూనెలో కలిసే ఫుడ్ కలర్స్‌తో |
| బీటర్ | కావాలి | కావాలి | కావాలి | అక్కర్లేదు |
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | ఎక్కువ |

## ఏది తీసుకున్నా చేతిపని ఒకటే

స్పాంజ్ పూర్తిగా చల్లారాలి. చేత్తో తాకితే చల్లగా ఉన్నా లోపల వేడి ఉంటుంది, నేను ముందురోజే చేసి కవర్ చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను. పైన ఉబ్బిన భాగం కోసేసి, అడుగు భాగం పైకి వచ్చేట్టు బోర్లించండి, టిన్ అడుగు కాబట్టి అది ఎప్పుడూ సమంగా ఉంటుంది. షుగర్ సిరప్‌తో తడపండి కానీ ముంచకండి. ఎక్కువ తడిస్తే పక్కలు ఉబ్బి క్రీమ్‌ను నెట్టేస్తాయి.

మొదటి పొర పలచగా, స్పాంజ్ కనిపించేటంత. దీన్నే క్రంబ్ కోట్ అంటారు. ఊడివచ్చే పొడి అంతా ఇందులో అతుక్కుంటుంది. ఇరవై నిమిషాలు ఫ్రిజ్. తర్వాతే అసలు పొర. కేక్ పొడి అంటిన కత్తిని మళ్లీ క్రీమ్ గిన్నెలో పెట్టకండి, పొడి దులపడానికి పక్కన వేరే గిన్నె ఉంచుకోండి. తెల్ల కేక్ మీద చాక్లెట్ చుక్కలు పడేది ఇక్కడే.

రెండో పొర కావలసినదానికంటే మందంగా పూసి, స్క్రాపర్‌తో తీసేయడమే పద్ధతి. తక్కువ పూసి సర్దుదామంటే గుంటలు మిగులుతాయి. స్క్రాపర్ కింది అంచు బోర్డుకు ఆనాలి, నిలువుగా ఉండాలి. చెయ్యి కదపకుండా కేక్ కింద ఉన్న తిరిగే పీటను (టర్న్ టేబుల్) తిప్పండి. పక్కలు అయ్యాక పైన ఒక కట్టలా క్రీమ్ లేస్తుంది, దాన్ని బయటి నుంచి మధ్యకు ఒక్కో లాగుడుతో కోసేయాలి, లాగిన ప్రతిసారీ కత్తి తుడవాలి. మూడోసారికి చాలు అనిపిస్తే అక్కడితో ఆపండి. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ పాడుచేసుకున్న కేకులే నావి ఎక్కువ.

ఏమేం కొనాలి? ప్లాస్టిక్ టర్న్ టేబుల్ ఒకటి కొనండి, దాని విలువ మొదటి రోజే తెలుస్తుంది. స్క్రాపర్ లేకపోతే పిల్లల జామెట్రీ బాక్సులో ఉండేలాంటి కొత్త స్టీలు స్కేలు కడిగి వాడుకోవచ్చు. వంగిన పాలెట్ నైఫ్ (క్రీమ్ రాసే మొద్దు కత్తి) మంచిదే. పాతిక నాజిళ్ల సెట్ కొనకండి, నక్షత్రం నాజిల్ ఒక్కటి చాలు. అంచు సరిగ్గా రాకపోతే దాని మీద వరసగా చిన్న పువ్వులు పెట్టేస్తే ఎవరికీ తెలియదు.

## మరి మీ సంగతి?

మొదటిసారి చేస్తున్నారా, పిల్లల పుట్టినరోజా, రంగులు కావాలా: నాన్ డైరీ. ఆరంగుళాల కేక్‌తో మొదలుపెట్టండి, ఎనిమిదంగుళాలది రాసేలోపు క్రీమ్ వెచ్చబడుతుంది.

మేలో గృహప్రవేశం, లేదా ఏసీ లేని హాలు: గనాష్, కాంపౌండ్ కలిపి. రంగు కావాలంటే లోపల గనాష్ రాసి గట్టిపడ్డాక పైన నాన్ డైరీ పువ్వులు హాలుకు వెళ్లాక పెట్టండి.

పెద్దవాళ్ల షష్టిపూర్తి, ఇంట్లోనే, తీపి తక్కువ కావాలంటే: పాల క్రీమ్. ఏసీ ఉంటేనే.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో తంటా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే కేక్ మీద చెమట పడుతుంది. గనాష్ మెరుపు పోయి మచ్చలు కనిపిస్తాయి, ఫాండెంట్ (పంచదార ముద్ద) బొమ్మలు జిగురైపోతాయి. అక్కడివాళ్లు మూత ఉన్న అట్టపెట్టెలోనే పెట్టి, బయటికి తీశాక పది పదిహేను నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తే ఆ తడి పెట్టెకు పడుతుంది.

అమెరికాలో ఉన్న మా చెల్లి ఇదంతా విని నవ్వుతుంది. అక్కడ ఏ కొట్లోనైనా హెవీ క్రీమ్ దొరుకుతుంది, కొవ్వు 36 శాతానికి తగ్గకూడదని చట్టమే ఉంది. ఇల్లంతా ఏసీ. అలాంటి చోట పాల క్రీమో బటర్ క్రీమో హాయిగా చేసుకోవచ్చు. ఎండాకాలం పార్కులో పుట్టినరోజు పెట్టిన రోజు మాత్రం తనూ నాకు ఫోన్ చేసి గనాష్ కొలత అడిగింది.

బయటికి తీసుకెళ్లేదైతే, ఏ క్రీమ్ అయినా ముందు రెండు గంటలు ఫ్రిజ్‌లో గట్టిపడనివ్వండి. బోర్డు కింద మామూలు పలచటి టేపు కాకుండా రెండు వైపులా అంటుకునే టేపుతో పెట్టె అడుక్కి అతికించండి. కారులో ఒళ్లో పెట్టుకోకండి, ఒంటి వేడి తగులుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా వంగుతుంది. సీటు మీద కూడా వద్దు, సీటు వెనక్కి వాలి ఉంటుంది. కాళ్ల దగ్గర, సమంగా ఉన్న నేల మీద పెట్టి, ఏసీ గాలి కిందికి తిప్పండి.